కిందమిద్దె వాళ్ల డి డ్రైవు

జమ్మలమడుగు
18 జూన్ 2001

ప్రొద్దుటూరులో కంప్యూటర్లు బిగించి బతికే నూరుల్లా మామకు,

ఇందుమూలముగా పెన్నకు ఈ దరినా ఆ దరినా ఉన్న సమస్త ప్రజలకూ, గొర్రెలకూ, మేకలకూ, ఎస్టీడీ బూతుల ఓనర్లకూ తెలియజేయడమేమనగా: జమ్మలమడుగు పాత బస్టాండు వెనక, పంచర్ల అంగడి పక్కన, మా చెల్లెలు వసంతమ్మ నడుపుతున్న డీటీపీ అంగట్లోని కంప్యూటరుకు నిన్న సాయంత్రం నాలుగున్నరకు కడుపు నిండినది. ఇకపై అది ఒక్క అక్షరము కూడా మింగజాలదు. వైద్యము చేయవలసినవాడు దానిని పుట్టించినవాడే గనుక, అతడు అన్నము ముందర కూర్చుని ఉన్నా సరే, లేచి చేయి కడుగుకొని ఈ ఉత్తరము చదవవలెను. వినలేదనీ చూడలేదనీ తరువాత అనరాదు. డుం డుం డుం.

దండోరా అయిపోయింది. ఇప్పుడు మనిషిలాగా రాస్తాను.

ఫోను చేయవచ్చు గదా అంటావు. మా వీధిలో ఎస్టీడీ బూతులు రెండు. ఒకటి సుద్దపల్లె పైమిద్దె వాళ్ల మనిషిది, ఇంకొకటి కిందమిద్దె వాళ్ల మనిషిది. ఏ బూతులో తుమ్మినా సాయంత్రానికి ఆ మిద్దెలో చిరంజీవ అంటారు. అందుకే ఈ కాగితం ప్రొద్దుటూరు బస్సు కండక్టరు బాషా చేతికిచ్చి పంపుతున్నాను.

మా ఊరు సుద్దపల్లె సంగతి నీకు సగమే తెలుసు. అక్కడ ప్రతిదీ రెండు. టీ అంగళ్లు రెండు, క్షవరం చేసేవాళ్లు ఇద్దరు. జమ్మలమడుగుకు ఏడు గంటల బస్సులో పైమిద్దె వాళ్లే ఎక్కుతారు, తొమ్మిది గంటల బస్సులో కిందమిద్దె వాళ్లే. మధ్యలో ఎనిమిదికి బస్సు వేస్తే డ్రైవరూ కండక్టరూ కబుర్లు చెప్పుకుంటూ రావాల్సిందే. పైమిద్దెకు పెద్ద నారాయణ. కిందమిద్దెకు పెద్ద సంజీవమ్మ. పదకొండేళ్ల కింద ఆమె భర్తను చంపారు. ఆ తర్వాత అటు ముగ్గురు, ఇటు ఇద్దరు పోయారు. అంతకు ముందు ఆ రెండు మిద్దెలకూ గోడ ఒక్కటే. నారాయణ చిన్నప్పుడు ఆమెను అక్కా అని పిలిచి, ఆమె చేతి ముద్ద తిన్నవాడు. ఇప్పుడు ఆమె పేరు ఎత్తాల్సి వస్తే 'ఆ మనిషి' అంటాడు. రాజీ అయి రెండేళ్లయింది. రాజీ అంటే మాట్లాడుకోవడం కాదు మామా, బాంబులు వేసుకోకపోవడం.

ఆగస్టులో పంచాయతీ ఎలక్షన్లు. ఓటరు చీటీలకు, కరపత్రాలకు ఇద్దరూ మా వసంతమ్మ దగ్గరికే రావాలి. తెలుగులో టైపు చేసే అంగడి ఇదొక్కటే. రెండేళ్ల కింద నువ్వు ఈ కంప్యూటరు బిగించినప్పుడు డిస్కును సి అని, డి అని రెండు గదులు చేసి పోయావు కదా. నా తెలివికి పదును పెట్టి, పెట్టె మీద కాగితం అంటించాను: సి పైమిద్దె, డి కిందమిద్దె. ఎవరి సరుకు వాళ్ల గదిలో. ఏడో తరగతి తప్పినవాడికి ఇంత బుర్రా అని బస్టాండంతా మెచ్చుకున్నారు.

నిన్న సంజీవమ్మ మనిషి మునెయ్య ఓటర్ల జాబితా తెచ్చాడు. వసంతమ్మ డి లో దాచబోతే చోటు లేదంది కంప్యూటరు.

"మేం పెట్టింది నాలుగు కాయితాలు. అంత గది ఎట్ల నిండిందమ్మా?" అన్నాడు మునెయ్య.

వెతికితే, డి లో 98 అనే పేరుతో ఒక ఫోల్డరు. మేము పెట్టింది కాదు. అందులో వందల ఫైళ్లు, ఏ దేవతకూ నోరు తిరగని పేర్లు.

"ఇది నారాయణోళ్ల సరుకు. మా గదిలో దాచినారు. వచ్చే ఆదివారం దాకా చూస్తాము. ఆ తర్వాత ఈ షట్టరు ఎట్ల లేస్తాదో చూస్తాము," అనేసి పోయాడు.

భర్త పోయాక ఆ షట్టరు కిందే మా చెల్లెలు ఇద్దరు ఆడపిల్లలను చదివిస్తోందని నీకు తెలుసు. ఆ 98 ఏమిటో, దాన్ని పారేయవచ్చో లేదో తిరుగు బస్సుకే రాయి.

నీ
వెంకటప్ప

ప్రొద్దుటూరు
20 జూన్ 2001

వెంకటప్పకు నూరుల్లా సలాం.

నీ ఉత్తరం చేరింది. నమ్మలేదు.

పోయిన రంజాను నెలలో నువ్వు చేసింది నేను మరవలేదు. ఇన్‌కంటాక్సు వాళ్లు బంగారు అంగళ్ల వీధిలో జొరబడ్డారని, నా అంగడి వైపే వస్తున్నారని కబురు పంపావు. మూడు మానిటర్లు నెత్తిన పెట్టుకుని పరుగెత్తి మా అత్త మహబూబ్‌బీ ఇంట్లో జొన్నల బస్తాల వెనక దాచాను. ఎవరూ రాలేదు. ఎలుకలు వచ్చాయి. మూడింటి వైర్లూ కొరికాయి. మా అత్త ఇప్పటికీ నన్ను చూసి "దొంగ సరుకు ఉందా అల్లుడా, చోటు ఖాళీగానే ఉండాది" అంటుంది. కాబట్టి షట్టరు, మునెయ్య, ఆదివారం, ఇవన్నీ నీ కల్పన అని నా గట్టి అభిప్రాయం.

అయినా అడిగింది కంప్యూటరు గురించి కాబట్టి చెబుతాను. ఆ 98 ఎవరి సరుకూ కాదు. అది విండోస్ 98 ఎక్కించే సామాను. సీడీలో ఉన్నదంతా నేనే డి లోకి దించాను. ఇల్లు కట్టిన తర్వాత సారువ కట్టెలు, మిగిలిన ఇసుక, సున్నం పెరట్లో పెట్టుకుంటాము చూడు, అట్లాంటిది. ఇల్లు నిలబడింది గనక కట్టెలు తీసేసినా కూలిపోదు. రేపు గోడ బీటలిస్తే మాత్రం మళ్లీ కావాలి. డి మొత్తం వెయ్యి ఎంబీ. అందులో ఆరు వందలు ఆ సామానే తింటోంది, మిగతాది వసంతమ్మ వాడే తెలుగు అక్షరాలు, బొమ్మలు.

తీసేయవచ్చు. కానీ తీయవద్దు. ఎందుకని అడగవద్దు. నేను పులివెందులకు పోతున్నాను, చీనీకాయల మండీలో కంప్యూటరు పని ఉంది. పది పదిహేను రోజులు అక్కడే. వచ్చాక చూస్తాను. అంతదాకా వసంతమ్మను ఫ్లాపీల్లో సర్దుకోమను.

నువ్వు మాత్రం ఆ కంప్యూటరుకు మూడు బారల దూరంలో ఉండు.

నూరుల్లా

జమ్మలమడుగు
25 జూన్ 2001

మామా,

నీ సారువ కట్టెలు మా కొంప ముంచాయి.

నీ ఉత్తరం వచ్చిన పూటే మునెయ్యను కూర్చోబెట్టి, టీ తాగించి, నువ్వు చెప్పినట్టే చెప్పాను. ఇది ఎవరిదీ కాదప్పా, ఇల్లు కట్టగా మిగిలిన కట్టెలు అన్నాను. గ్లాసు కింద పెట్టాడు.

"ఇల్లు యాడ కట్టినారు?"

"సి లో."

"సి ఎవురిది?"

"పైమిద్దె వాళ్లది."

"అంటే వాళ్లింటికి మిగిలిన కట్టెలు మా కళ్లంలో ఏసినారు. రెండేండ్లు. మాకు మాట మాత్రం చెప్పల్యా."

మామా, దీనికి జవాబు ఉంటే నువ్వే చెప్పు. సుద్దపల్లెలో మొదటి తల పగిలింది కూడా కళ్లంలో గడ్డివామి గురించే.

సరే తీసేస్తాము, పీడ పోతుంది అనుకుంటే, సాయంత్రానికి నారాయణ మనిషి నాగప్ప దిగాడు. సంగతి ఎట్లా తెలిసిందో నన్ను అడగవద్దు, బూతుల దగ్గర మేము నోరు కూడా తెరవలేదు. "ఇల్లు మాది అయితే కట్టెలూ మావే. మమ్మల్ని అడగకుండా పుల్ల తీసినా ఒప్పుకునేది ల్యా," అన్నాడు. ఆ 98 ఏమిటో వాళ్లకూ తెలియదు, వీళ్లకూ తెలియదు. వారం కింద అది ఉందని కూడా ఎవరూ ఎరుగరు. ఇప్పుడు అది పైమిద్దె వాళ్లకు తాతల ఆస్తి, కిందమిద్దె వాళ్లకు జన్మకంటకం.

నిన్న ఆదివారం, ఓట్ల లెక్కింపులో ఏజెంట్లను కూర్చోబెట్టినట్టు మునెయ్యను ఎడమ పక్క, నాగప్పను కుడి పక్క కూర్చోబెట్టాము. వసంతమ్మ 98 మీద వేలు పెట్టి డిలీటు నొక్కింది. తెర మీద కాగితాలు ఎగిరాయి. ఎంత సేపో ఎగిరాయి. నాగప్ప నోరు తెరిచి చూశాడు. మునెయ్య మీసం దువ్వాడు. నేను చప్పట్లు కొట్టాను. తర్వాత డి లో ఖాళీ ఎంతో చూస్తే, మొదట ఎంతుందో అంతే. ఒక్క ఎంబీ పెరగలేదు.

"యాడికి పోయినాయి?" అన్నాడు మునెయ్య.

వసంతమ్మ నిజం చెప్పే మనిషి, నా తోడబుట్టిందని ఎవరూ అనుకోరు. "చెత్తబుట్టలో ఉండాయన్నా," అంది.

"ఆ బుట్ట యాడుంది?"

"డి లోనే."

కళ్లంలో కట్టెలు తీసి గొడ్ల కొట్టంలో వేశారని మునెయ్య లేచాడు. బుట్ట కుమ్మరిస్తామంటే, అది మా కట్టెల బుట్ట, దాని మీద చెయ్యేస్తే చూడు అని నాగప్ప లేచాడు. ఇద్దరి మధ్యలో కీబోర్డు. నేను కీబోర్డును చంటిబిడ్డలాగా చంకన పెట్టుకుని నిలబడ్డాను. చివరికి బుట్టలోవి తీసి మళ్లీ యథాస్థానంలో పెట్టాకే కదిలారు.

అసలు సంగతి ఇప్పుడు విను. మనుషులను పంపితే తెగదని పెద్దలే వస్తున్నారు. జూలై ఎనిమిది, ఆదివారం, పొద్దున పది గంటలకు. నారాయణ, సంజీవమ్మ, ఒకే గదిలో. పదకొండేళ్లలో కోర్టులో తప్ప ఇద్దరూ ఒక కప్పు కింద నిలబడలేదు. పది అడుగుల అంగడి మామా. ఆ రోజు ఆ కాగితాలు మళ్లీ బుట్టలోకి పోతే, మా చెల్లెలి అంగడి ఉండదు, రాజీ ఉండదు.

బుట్టలో పడకుండా ఒక్కసారిగా పోయే దారి ఏదైనా ఉందా? ఎగతాళి కాదు. ఒట్టు.

వెంకటప్ప

నూరుల్లా అన్నా, నేను వసంతమ్మను, అంచున రాస్తున్నాను. ఈసారి మా అన్న అబద్ధం చెప్పడం లేదు. చీకటి పడకముందే షట్టరు వేసుకుంటున్నాను. పిల్లలను మా అత్త దగ్గరికి వల్లూరు పంపాను.

పులివెందుల
30 జూన్ 2001

వెంకటప్పా,

నీ ఉత్తరం నా వెనకాలే తిరిగి తిరిగి, మూడు బస్సులు మారి, చీనీకాయల గంపలో కూర్చుని నిన్న మండీకి చేరింది. నీ మూడు పేజీలనూ నేను నమ్మలేదు. వసంతమ్మ రాసిన మూడు వరుసలను నమ్మాను.

తీయవద్దు, ఎందుకని అడగవద్దు అన్నాను కదా. చెబుతాను. మీ అంగడి కంప్యూటరులో సీడీ డ్రైవు ఉండేది, బాగు చేస్తానని తెచ్చాను. బాగు చేశాను. పులివెందుల మండీ వాళ్లు తొందర పెడితే వాళ్ల పెట్టెలో బిగించాను. నీకు చెప్పలేదు. విండోస్ సీడీ కూడా నా దగ్గర లేదు. మా బావమరిది హుమాయున్ కువైట్ నుంచి తెచ్చిన ఆ ఒక్క సీడీ మీద పోయిన ఏడు మా ఆవిడ ఖమర్‌బీ వేడి గిన్నె దించింది. అప్పటి నుంచి ప్రొద్దుటూరులో నేను ఎవరికి విండోస్ ఎక్కించాలన్నా మీ డి డ్రైవులోని ఆ 98 ఒక్కటే విత్తనం. వచ్చినప్పుడల్లా నీకు టీ తాగించి, నువ్వు గేలి మాటల్లో పడ్డప్పుడు, డిస్కు ఊడదీసి కాపీ చేసుకుని పోయేవాణ్ని. వాళ్ల కళ్లంలో కట్టెలు దాచింది నారాయణ కాదు, నేను.

ఇప్పుడు భయం లేదు. ఇక్కడ మండీలో ఇంకొక సీడీ ఉంది, ఇస్తామన్నారు. సీడీ డ్రైవు కూడా వచ్చే నెలలోనే తెచ్చి వసంతమ్మకు పెట్టి పోతాను. 98 ని తీసేయండి.

దారి చెబుతున్నాను, తప్పు లేకుండా చేయి. 98 మీద వేలు పెట్టి, షిఫ్టు మీట నొక్కి పట్టుకుని, అది పట్టుకుని ఉండగానే డిలీటు నొక్కాలి. బుట్టలో పడదు. నేరుగా పోతుంది. నిజంగా తీసేయాలా అని అడుగుతుంది. అప్పుడు ఎంటరు.

ఒక్క నియమం. డిస్కును రెండు వాటాలు చేసిన కంప్యూటరులో షిఫ్టు ఒకరు నొక్కాలి, డిలీటు ఇంకొకరు నొక్కాలి. ఒకే మనిషి రెండూ నొక్కితే ఒప్పుకోదు. అది కంపెనీ వాళ్ల కట్టుబాటు. ఎంటరు మాత్రం అంగడి యజమాని నొక్కాలి, అంటే వసంతమ్మ. నువ్వు ఏదీ నొక్కకూడదు.

నేను రాలేను. ఇక్కడ పని సగంలో ఉంది. ఎనిమిదో తారీఖు ఏమైందో వెంటనే రాయి.

నూరుల్లా

జమ్మలమడుగు
9 జూలై 2001

మామా, మామా,

బస్సు కదిలేలోగా రాస్తున్నాను, అక్షరాలు కోడి గీకినట్టు ఉంటాయి, సర్దుకో.

నిన్న తొమ్మిదిన్నరకే వీధికి ఆ చివర రెండు జీపులు, ఈ చివర రెండు జీపులు. పంచర్ల అంగడి వాడు ట్యూబులన్నీ లోపలికి విసిరి తాళం వేసుకున్నాడు. పోలీసులు మాత్రం చల్లగా హోటలులో దోసెలు తింటున్నారు. లోపలికి ఎవరెవరు రావాలనే దాని మీద అరగంట. చివరికి పెద్దలిద్దరు, మనుషులిద్దరు, వసంతమ్మ, నేను.

నారాయణ తెల్ల చొక్కా, చేతిలో తువ్వాలు. సంజీవమ్మ బూడిద రంగు చీర, కళ్లద్దాలు. ఆమె ఎడమ గోడను చూస్తోంది, ఈయన కుడి గోడను చూస్తున్నాడు. ఎడమ గోడకు నువ్వు ఇచ్చిన మక్కా క్యాలెండరు, కుడి గోడకు మా చెల్లెలి లక్ష్మీదేవి. ఇద్దరూ అంత భక్తిగా ఎప్పుడూ ఏ పటాన్నీ చూసి ఉండరు.

వసంతమ్మ కంప్యూటరు ఆన్ చేసింది. తెర వెలిగింది. కరెంటు పోయింది.

నలభై నిమిషాలు మామా. ఫ్యాను లేదు. ఆరుగురి ఊపిరి. టీలు వచ్చాయి, అవీ రెండు అంగళ్ల నుంచి, ఈ టీ ఆ చేతికి పోకుండా నేను ట్రాఫిక్ పోలీసులాగా నిలబడ్డాను. నాకు మౌనం సరిపడదని నీకు తెలుసు. "కరెంటోళ్లు ఏ పార్టీయో తెలిస్తే బాగుండు," అన్నాను. నాగప్ప ఫక్కుమన్నాడు. నారాయణ చూసిన చూపుకు నవ్వు సగంలో మింగేశాడు.

కరెంటు వచ్చింది. కంప్యూటరు నీలం తెర వేసుకుని ఏదో లెక్క పెట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తాంది అది?" అంది సంజీవమ్మ. ఆ పొద్దు ఆమె మొదటి మాట.

"పెద్దలు వచ్చినారని వాకిలి ఊడుస్తాందమ్మా," అన్నాను. మునెయ్య తల ఊపాడు, అది న్యాయమే అన్నట్టు.

అప్పుడు నీ నియమం చదివి వినిపించాను. షిఫ్టు ఒకరు, డిలీటు ఒకరు, కంపెనీ కట్టుబాటు. వసంతమ్మ నన్ను ఒక రకంగా చూసింది, తర్వాత తల వంచుకుని తెర తుడవడం మొదలుపెట్టింది. ఎవరు ఏది నొక్కాలని తగవు రానే వచ్చింది. కళ్లం మాది, తుడిచేది మేమే అని మునెయ్య. కట్టెలు మావి, పారేసేది మేమే అని నాగప్ప. నా ఏడో తరగతి చదువంతా అక్కడ ఖర్చు పెట్టాను.

"అప్పా, షిఫ్టు అంటే జరపమనడం. కళ్లం ఎవురిదో వాళ్లే గదా జరపమనేది. అది అమ్మది. జరిపినాక ఎత్తి పారేసేది కట్టెలు ఎవురివో వాళ్లు. అది నారాయణన్నది."

ఇద్దరికీ నచ్చింది. ఇద్దరికీ నచ్చిన మాట ఒకటి ఆ ఊరి చరిత్రలో ఇదే.

సంజీవమ్మ ఎడమ పక్కన వచ్చి నిలబడింది. నారాయణ కుడి పక్కన. మధ్యలో స్టూలు మీద మా చెల్లెలు, వెన్ను కర్రలాగా బిగుసుకుని. రెండు చేతులూ కీబోర్డు మీదికి వచ్చాయి, ఒకటి గాజులు లేనిది, ఒకటి నాలుగు ఉంగరాలది. మధ్యన జానెడు దూరం. రెండూ ఆగిపోయాయి. షిఫ్టు ముందు నొక్కాలి మామా. అంటే ముందు ఆమె నొక్కాలి. ముందు కదిలినవాళ్లు తగ్గినట్టు. బయట జీపులో ఎవడో దగ్గాడు, అది కూడా నాకు వినిపించింది.

అప్పుడు నారాయణ, గోడను చూస్తూనే, "అక్కా, నువ్వు ముందు నొక్కు," అన్నాడు.

ఆమె నొక్కింది. ఈయన నొక్కాడు. తీసేయాలా అని అడిగింది. వసంతమ్మ ఎంటరు కొట్టింది. ఎగిరాయి మామా, కాగితాలు. బుట్టలోకి కాదు. ఎక్కడికీ కాదు.

డి తెరిచి చూస్తే ఆరు వందల పైన ఖాళీ. నిండు నీలంగా ఉన్న గుండ్రటి బిళ్లలో సగానికి పైగా రంగు మారిపోయింది. "మాకు గూడా సి లో అంత ఖాళీ చెయ్యాల," అన్నాడు నాగప్ప. సి లో ఉండేది ఇల్లప్పా అని నేను మొత్తుకుంటుంటే పెద్దలిద్దరూ వేరువేరుగా మెట్లు దిగిపోయారు. జీపులు రెండు అటు, రెండు ఇటు. మధ్యాహ్నం నుంచి ప్రింటరు ఆగలేదు. నిన్న రాత్రి దాకా కిందమిద్దె చీటీలు, ఈ పొద్దు పైమిద్దె చీటీలు. మా చెల్లెలు పిల్లలను పిలుచుకు రావడానికి వల్లూరు బస్సెక్కింది.

నీ వెంకటప్ప

ప్రొద్దుటూరు
16 జూలై 2001

వెంకటప్పకు,

నీ ఉత్తరం ఖమర్‌బీకి చదివి వినిపించాను. కరెంటు దగ్గర నవ్వింది. 'అక్కా' దగ్గర కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఆ మాట మళ్లీ చదువు," అంది. మళ్లీ చదివాను. మా అత్త మహబూబ్‌బీ వస్తే ఆమెకూ చదివాను. ఆమె నన్ను దొంగ సరుకు ఉందా అని అడగకుండా పోయిన మొదటి రోజు అది.

ఇంక దాచుకోబుద్ధి కావడం లేదు. షిఫ్టు ఒకరు, డిలీటు ఒకరు అని కంపెనీ ఏమీ చెప్పలేదు. అట్లాంటి కట్టుబాటు ప్రపంచంలో ఏ కంప్యూటరుకూ లేదు. ఒక్క మనిషి రెండు వేళ్లతో నొక్కవచ్చు. ఆ మూడు మానిటర్ల బాకీ తీర్చుకుందామని రాశాను. నువ్వు అంతమంది ముందర దాన్ని శాసనంలాగా చదువుతావని, వసంతమ్మ ఒంటి చేత్తో నొక్కి చూపిస్తుందని, నీ మొహం మాడిపోతుందని. బస్సుకు ఇచ్చేసిన తర్వాత తెలిసొచ్చింది. ఆ గదిలో అందరూ నవ్వే మనుషులు కాదు కదా. రెండు రోజులు పులివెందుల బస్టాండులో ఆ బస్సు కండక్టరు కోసం కాచుకున్నాను, ఉత్తరం వెనక్కి తీసుకుందామని. అప్పటికే నీకు అంది పోయింది.

అబద్ధమే రాశాను. కానీ ఆ అబద్ధం లేకపోతే ఆ మాట వచ్చేది కాదు. సీడీ డ్రైవు తీసుకుని శుక్రవారం వస్తున్నాను. కొట్టదలిస్తే కొట్టు.

నూరుల్లా

జమ్మలమడుగు
27 ఆగస్టు 2001

నూరుల్లా మామకు,

నువ్వు వచ్చినప్పుడు కొట్టలేదు. మీ ఖమర్‌బీ పంపిన సేమ్యా అడ్డం వచ్చింది. నీ నియమం అబద్ధమని వసంతమ్మకు ఆ పొద్దే తెలుసంట. రోజూ పదిసార్లు షిఫ్టు, డిలీటు ఒంటి చేత్తో నొక్కే మనిషి కదా. ఎందుకు చెప్పలేదే అంటే, "ఇద్దరూ చెయ్యి ముందుకు పెట్టినాక నేనెందుకు అడ్డం పడాల," అంది. మా ఇంట్లో నన్ను మించినవాళ్లు ఉన్నారని నలభై ఏడేళ్లకు తెలిసింది.

పోలింగు అయిపోయింది. ఎవరు గెలిచారో నీకు ఎస్టీడీ బూతుల్లోనే తెలిసి ఉంటుంది. ఓడినవాళ్లు ఒక రాత్రి అరిచారు, తెల్లారి చేలకు పోయారు. రాయి పడలేదు. షట్టరు ఒక్క పూట కూడా దిగలేదు.

ఈ మాటలు నీ ముందర చెబుదామనుకున్నాను. సేమ్యా తింటూ చెప్పలేకపోయాను. నీ అబద్ధం నువ్వు ఒప్పుకున్నావు గనక నాది కూడా రాస్తున్నాను. జీపులు నిజం. కరెంటు నిజం. చేతులు ఆగిపోయింది నిజం. నేను రాసిన దానికంటే ఎక్కువసేపే ఆగాయి. కానీ నారాయణ నోరు తెరవలేదు మామా. గొంతు సవరించుకున్నాడు, గడ్డంతో కీబోర్డు వైపు చూపించాడు, అంతే. ఆమె నొక్కింది. 'అక్కా' అనే మాట నాది. రాస్తూ రాస్తూ, ఇక్కడ ఈ మాట అని ఉంటే ఎంత బాగుండేది అనిపించింది, చేయి ఆగలేదు.

నీకు రాసి ఊరుకున్నానా అంటే, అదీ లేదు. బస్టాండులో చెప్పాను. రెండు టీ అంగళ్లలో చెప్పాను. రెండు బూతుల ముందర గట్టిగా చెప్పాను. పోయిన వారం మునెయ్య అంగట్లో కూర్చుని చాపాడు నుంచి వచ్చిన ఎవరికో అదే కథ చెబుతున్నాడు, తన చెవులతో విన్నానని ఒట్టు పెట్టి మరీ. అప్పుడే నారాయణ ఏదో కాగితం పని మీద మెట్లు ఎక్కి వాకిట్లో నిలబడి ఉన్నాడు. మొత్తం విన్నాడు.

కాదనలేదు.

వెంకటప్ప